దేవదారు వలయం, టేకు వలయం

నల్లగొండ జిల్లా హాలియా చుట్టుపక్కల ఎంత దూరం వెతికినా తనంతట తాను మొలిచిన దేవదారు గానీ, పైన్ గానీ కనిపించదు. పాఠ్యపుస్తకాలు శృంగాకార వృక్షాలని పిలిచే ఈ కోనిఫర్లు తెలుగు నేల మీద ఇప్పుడు ఉన్నాయంటే అరకు, చింతపల్లి కొండల్లో మనుషులు నాటిన తోపుల్లోనే. కోస్తా ఇసుకలో పెరిగే సరుగుడును చాలామంది వీటిలో కలిపేస్తారు. చూపుకు ఆకులు సూదుల్లా ఉన్నా అది పూలు పూసే చెట్ల కుటుంబానికి చెందింది. కోట్ల ఏళ్ల కిందట సంగతి వేరు. ఆసిఫాబాద్ వైపు గంగాపూర్ శిలల్లో కోనిఫర్ల శిలాజాలు దొరికాయి కాబట్టి డైనోసార్ల కాలంలో ఈ కోవ చెట్లు తెలంగాణలో పెరిగాయని రూఢిగా చెప్పవచ్చు. ఆ వాతావరణం పోయింది, దానితోపాటు ఆ చెట్లూ పోయాయి.

ఇక్కడ లేని చెట్ల గురించి ఇక్కడి పాఠకులు ఎందుకు పట్టించుకోవాలి? వాతావరణం మారితే చెట్టు పెరుగుదల ఎలా మారుతుందన్న ప్రశ్నకు ప్రపంచం ఇప్పటిదాకా కూడబెట్టిన జవాబుల్లో ఎక్కువ భాగం కోనిఫర్ల మొద్దుల్లో ఏటా పడే వలయాల నుంచి చదివినదే. ఆ జవాబులు మనదాకా రెండు ముక్కలై చేరుతున్నాయి. వేడి, బొగ్గుపులుసు వాయువు పెరిగి చెట్లు జోరుగా ఎదుగుతున్నాయని ఒకరంటారు. అదే వేడికి అడవులు నిలువునా ఎండిపోతున్నాయని మరొకరంటారు. రెండింటికీ గట్టి ఆధారాలున్నాయి. చిక్కంతా ఏ చోటి జవాబో చెప్పకుండా జవాబును మాత్రం మోసుకురావడం దగ్గర వచ్చింది. ఏ చోట చెట్టుకు దేని కొరత ఎక్కువో, ఆ చోట వాతావరణ మార్పు ఆ కొరతను తగ్గిస్తోందా పెంచుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. అలా చూస్తే నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టలకు, నల్లమల అంచులకు కోనిఫర్ల చరిత్ర ఆశ కంటే హెచ్చరికే ఎక్కువ ఇస్తుంది.

వలయం చదవడం ఎలా మొదలైంది

అమెరికాలోని అరిజోనాలో ఖగోళ శాస్త్రవేత్త ఎ.ఇ. డగ్లస్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో పైన్ మొద్దులను పరీక్షించడం మొదలుపెట్టింది చెట్ల మీద ఆసక్తితో కాదు. సూర్యుడి మచ్చల చక్రం భూమి వాతావరణాన్ని కదిలిస్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఆ ఎడారి అంచున వాన పడిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా ఉండటం ఆయనకు కనిపించింది. సన్న వలయాల వరుస ఒక చెట్టులో ఎలా ఉంటే మైళ్ల దూరంలోని ఇంకో చెట్టులోనూ అలాగే ఉంది. 1929 నాటికి ఆ వరుసలను జోడించి స్థానిక ఆదివాసుల పాత ప్యూబ్లో కట్టడాల దూలాలు ఏ ఏట నరికినవో లెక్కకట్టగలిగారు. 1937లో టూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయంలో దీనికే ప్రత్యేక ప్రయోగశాల వెలిసింది.

కోనిఫర్లు ఈ చదువుకు బాగా కుదిరాయి. వాటి కలప నిర్మాణం సాదా. చలికాలం వాటి ఎదుగుదలను ఏటా ఒకసారి కచ్చితంగా ఆపుతుంది, అందువల్ల గీత స్పష్టంగా పడుతుంది. ఉష్ణమండలపు చెట్లలో అలాంటి విరామం ఉండదని, వలయాలు నమ్మదగ్గవి కావని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అది పూర్తిగా నిజం కాదని మొదట్లోనే తెలిసి ఉండాల్సింది. 1931లోనే బెర్లాగె అనే డచ్ శాస్త్రవేత్త జావా టేకు మీద 1514 నుంచి 1929 దాకా సాగే వలయాల వరుసను ప్రచురించాడు. ఎండాకాలం ఆకు రాల్చి మోడై నిలిచే చెట్టుకు ఆ ఎండే చలికాలం చేసే పని చేస్తుంది. అయినా దశాబ్దాల పాటు పరిశోధన బరువంతా ఉత్తరాది చలి దేశాల వైపే వాలింది. ఈ అసమానత ఈనాటి వాదాల మీదా నీడలా ఉంది.

మన దేశంలో పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల ఈ పని చేపట్టాయి. వారి తొలి శ్రద్ధ కూడా సహజంగానే హిమాలయ దేవదారు, పైన్, ఫర్ మీదికే పోయింది.

వేడి కొరత, నీటి కొరత

మొదటి వాదం చలి సీమలది. ఉత్తర ధ్రువం చేరువలోనూ, ఎత్తైన పర్వతాల మీద చెట్లు పెరగగల చివరి హద్దులోనూ కొరత వేడిదే. అక్కడ వేసవి కాస్త వెచ్చబడితే, మంచు పది రోజులు ముందు కరిగితే బెరడుకూ కలపకూ మధ్య ఉండే పల్చని పెరుగుదల పొర త్వరగా మేలుకుంటుంది, వలయం వెడల్పవుతుంది. అమెరికా పడమటి పర్వతాల మీద వేల ఏళ్లు బతికే బ్రిసిల్‌కోన్ పైన్లలో, చెట్ల హద్దుకు చేరువగా ఉన్నవాటి వలయాలు 20వ శతాబ్దం రెండో సగంలో వెనకటి శతాబ్దాల్లో ఎన్నడూ లేనంత వెడల్పయ్యాయని 2009లో వెలువడిన పరిశోధన చూపింది. మన హిమాలయాల్లో కిన్నౌర్, గంగోత్రి దగ్గర హిమానీనదాల చేరువలో పెరిగే కోనిఫర్లూ ఇటీవలి దశాబ్దాల్లో ఎదుగుదల పెంచుకున్నట్టు పుణె శాస్త్రవేత్తలు గుర్తించారు. అక్కడ చలికాలం మెత్తబడటమే అందుకు దోహదం చేసింది.

అదే హిమాలయంలో కిందికి దిగండి. పొడి లోయల దేవదారుకు మార్చి నుంచి మే దాకా పడే వాన మేలు చేస్తుంది, ఆ నెలల వేడి కీడు చేస్తుంది. ఒకే పర్వత శ్రేణి, ఒకే కోవ చెట్లు, రెండు ఎదురెదురు జవాబులు. నేపాల్ హిమాలయంలో చెట్ల హద్దు దగ్గర పెరిగే భూర్జ వృక్షం సైతం వేడి కోసం గాక వానకు ముందరి నీటి కోసం అల్లాడుతోందని 2014లో తేలింది. భూర్జం కోనిఫర్ కాదు గానీ, ఎత్తైన చోట కొరత ఎప్పుడూ వేడిదే అన్న నమ్మకాన్ని అది సడలించింది.

నీటి వాదానికి అత్యంత బలమైన ఉదాహరణ అమెరికా నైరుతి మూల నుంచి వచ్చింది. అక్కడ 1950లలో ఒక కరువు, 2000 నుంచి 2003 దాకా మరొకటి పడ్డాయి. వాన లెక్కన మొదటిదే ఘోరమైనది. అయినా పిన్యన్ పైన్లు మూకుమ్మడిగా చచ్చింది రెండోసారి. శ్రద్ధగా గమనించిన ఒక స్థలంలో నూటికి తొంభైకి పైగా పోయాయి. ముఖ్యమైన తేడా, రెండో కరువు ఎక్కువ వేడిది. వేడికి గాలి దాహం పెరుగుతుంది, ఆ దాహాన్ని చెట్టు ఆకుల నుంచి తీర్చుకుంటుంది. నీరు కాపాడుకోవడానికి పైన్ పత్రరంధ్రాలు మూసుకుంటే తిండి తయారీ ఆగుతుంది, మూసుకోకపోతే నీటి నాళాల్లో గాలి బుడగలు అడ్డుపడతాయి. చావుకు ఈ రెంటిలో ఏది ముందు కారణమో ఇంకా వాదిస్తూనే ఉన్నారు. నీరసించిన చెట్టును బెరడు పురుగు పట్టుకోవడం మాత్రం అందరూ చూశారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చలికాలపు గడ్డు చలి తగ్గి, పురుగు చావక, సుమారు 1.8 కోట్ల హెక్టార్ల పైన్ అడవి దెబ్బతింది.

గాలి దాహాన్ని అంకెల్లో చూస్తే మన ఊళ్లకు దీని అర్థమేమిటో తెలుస్తుంది. గాలి పట్టగల ఆవిరి డిగ్రీకి సుమారు 7 శాతం చొప్పున పెరుగుతుంది. గాలిలో ఉన్న తేమ ఏమీ మారకపోయినా, 35 డిగ్రీల మధ్యాహ్నం కంటే 42 డిగ్రీల మధ్యాహ్నం ఆకు మీద పడే లాగుడు 70 శాతం దాకా ఎక్కువ కావచ్చు. రోళ్లు పగిలే రోహిణి ఎండలో నల్లగొండ గాలి చేసే పని ఇదే. వర్షమాపకంలో ఈ నష్టం నమోదు కాదు. అందుకే ఏడాది సగటు వాన మారలేదు గనుక అడవికి ఢోకా లేదనే మాట నిలవదు.

బొగ్గుపులుసు వాయువు వాదం

పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280గా ఉన్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. చెట్టుకు ఇదే తిండి కాబట్టి ఎదుగుదల పెరగాలని 1984లోనే బ్రిసిల్‌కోన్ వలయాలను చూపి కొందరు వాదించారు. తర్వాత వాదనకు పరీక్ష పెట్టారు. అమెరికాలో ఉత్తర కరోలినాలోని డ్యూక్ అడవిలో 1996 నుంచి 2010 దాకా లాబ్‌లాలీ పైన్ తోటకు గొట్టాలతో అదనంగా 200 పాళ్ల వాయువు అందించారు. లేత తోట నిజంగానే బాగా ఎదిగింది. అయితే ఎంత ఎదిగిందన్నది ఆ మడిలో నత్రజని, నీరు ఎంత ఉన్నాయన్న దాన్ని బట్టి మారిపోయింది. స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర ముదురు చెట్లకు అదే తిండి పెడితే కాండం ఎదుగుదలలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆస్ట్రేలియాలో ముదురు నీలగిరి చెట్ల అడవి 12 శాతం ఎక్కువ కర్బనాన్ని లోపలికి తీసుకుని, అందులో చాలా భాగాన్ని శ్వాస రూపంలో తిరిగి వదిలేసిందని 2020లో తేలింది.

మనకు ఎక్కువ పనికొచ్చేది 2015 నాటి మరో ఫలితం. బొలీవియా, కామెరూన్, థాయ్‌లాండ్ అడవుల్లో వెయ్యికి పైగా చెట్ల వలయాలను పరీక్షిస్తే, గత 150 ఏళ్లలో అవి నీటిని 30 శాతానికి పైగా పొదుపుగా వాడుకోవడం నేర్చాయి. ఎదుగుదల మాత్రం పెరగలేదు. పొదుపు నిజం, ఆదాయం పెరగలేదు. వేడి వల్లనో, పోషకాల కొరత వల్లనో ఆ లాభం మధ్యలోనే కరిగిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. తొందరగా ఎదిగిన చెట్టు తొందరగా చస్తుందని, ఈ లక్షణం కోనిఫర్లలోనూ వెడల్పాకు చెట్లలోనూ ఒకేలా ఉందని 2020లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. అలాగైతే ఎదుగుదల పెరిగిన చోట కూడా అడవి నిల్వ ఉంచుకునే కర్బనం అంతగా పెరగదు.

వలయం మాట తప్పినప్పుడు

1990లలో ఈ రంగాన్ని కుదిపేసిన సంగతి ఒకటి ఉంది. వేడికి వెడల్పయ్యే వలయాలుగా పేరుపడ్డ అలస్కా స్ప్రూస్ చెట్లు ఇటీవలి వేడికి స్పందించడం మానేశాయని 1995లో శాస్త్రవేత్తలు జాకోబీ, డరీగో రాశారు. ఉత్తరాది అడవుల్లో చాలా చోట్ల సుమారు 1960 తర్వాత ఉష్ణమాపకం పైకి పోతుంటే, అప్పటిదాకా దానితో కలిసి నడిచిన కలప సాంద్రత వెనకబడిందని 1998లో కీత్ బ్రిఫా బృందం చూపింది. దీన్ని వాతావరణ మార్పునే కొట్టిపారేయడానికి వాడుకున్నవారున్నారు. ఆ వాడకం తప్పు. ఉష్ణమాపకాలు స్వతంత్రంగా వేడిని నమోదు చేస్తూనే ఉన్నాయి. ఇక్కడ ప్రశ్న చెట్టు గురించి. దానికి వచ్చిన వివరణల్లో నాకు ఎక్కువ సబబుగా తోచేది కొరత మారిపోవడం. చలి తీరేదాకా వేడి లాభం, తీరాక అదే వేడి నీటిని కొరతగా మారుస్తుంది. అన్ని చోట్లా ఇదే కారణమని చెప్పలేం. సూర్యకాంతి మసకబారడం, చెట్టు వయసు ప్రభావాన్ని తీసివేసే లెక్కల పద్ధతిలోని దోషాలు కూడా కొన్ని చోట్ల పాత్ర వహించి ఉండవచ్చు.

చెట్ల ఎంపికలో పక్షపాతం కూడా చిన్న విషయం కాదు. వాతావరణాన్ని చదవడానికి వెళ్లిన శాస్త్రవేత్త, వాతావరణానికి బాగా స్పందించే చెట్లనే ఏరుకుంటాడు. రాతి గుట్ట మీది పైన్‌ను తీసుకుంటాడు, వాగు ఒడ్డుది వదిలేస్తాడు. ఇలా పోగైన వలయాలతో అమెరికా నైరుతి అడవుల భవిష్యత్తును లెక్కగడితే నష్టం 41 నుంచి 59 శాతం దాకా ఎక్కువగా కనిపిస్తోందని 2018లో ఒక బృందం చూపించింది. భయపెట్టే వార్తలను నమ్మేముందు ఇది గుర్తుంచుకోవాలి. నష్టం అబద్ధం కాదు, దాని కొలత అతిశయం కావచ్చు.

నల్లమల దగ్గర

హాలియా నుంచి పెద్దవూర దాటి నాగార్జునసాగర్ వైపు, అక్కడి నుంచి చందంపేట గుట్టల మీదుగా అమ్రాబాద్ దాకా వెళ్తే భూమి మారుతూ పోతుంది. ఎడమ కాలువ కింద వరి, బత్తాయి. కాలువ అందని చోట చెలకలు. ఆ పైన టేకు, నల్లమద్ది, చిరుమాను, అందుగు, నారేపి కలిసిన ఆకురాల్చే అడవి. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మీద పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. ఈ అడవిలో వేడికి ఏనాడూ కొరత లేదు. కొరతంతా నీటిదే. కనుక హిమానీనదం పక్కన కోనిఫర్లకు దక్కిన లాభం ఇక్కడి టేకుకు దక్కే దారి లేదు. పిన్యన్ పైన్ కథే మనకు దగ్గర.

దక్షిణాది టేకు వలయాలు ఇదే మాట చెబుతున్నాయి. కేరళ టేకు నుంచి 1481 మొదలు 2003 దాకా సాగే 523 ఏళ్ల వరుసను బోర్గావ్‌కర్ బృందం 2010లో ప్రచురించింది. ఎల్‌నినో వచ్చి రుతుపవనాలు మొహం చాటేసిన ఏళ్లలో వలయాలు సన్నబడ్డాయి. మనకు ఇంకా చేరువగా, ప్రాణహిత అవతలి గట్టున గడ్చిరోలి జిల్లా అల్లాపల్లి టేకును 2011లో పరీక్షిస్తే, వేడి కంటే నేలలోని తేమ వలయాన్ని బలంగా శాసిస్తున్నట్టు తేలింది. ఆసియా అంతటి వలయాలను జోడించి ఎడ్వర్డ్ కుక్ బృందం 2010లో గీసిన కరువుల పటంలో 1876–78 నాటి విపత్తు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుగువారు ధాత కరువని పేరు పెట్టుకుని తలచుకున్నది దాన్నే.

టేకు కోనిఫర్ కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. దేవదారు ఏడాదంతా ఆకుతో ఉంటుంది, ఎండాకాలపు గాలి దాహం దానికి నేరుగా తగులుతుంది. టేకు మాత్రం ఎండలు ముదిరేలోపే ఆకు దులిపేసుకుంటుంది. మే నెల 45 డిగ్రీలు మోడు చెట్టును ఏం చేస్తాయి? ఐదు ఖండాల్లో 350 చోట్ల నుంచి 14,000కు పైగా వలయ వరుసలను సేకరించి జుయిదెమా బృందం 2022లో ప్రచురించిన ఫలితం దీనికి జవాబు సూచిస్తుంది. ఉష్ణమండలపు చెట్ల ఏటి ఎదుగుదలను వానాకాలం కంటే ఎండాకాలమే ఎక్కువ నిర్ణయిస్తోందని అందులో తేలింది. ఎండాకాలం పొడవును బట్టి చెట్టు ఎన్ని రోజులు ఆకుతో ఉంటుందో తేలుతుంది. వేసవి గాలి నేల లోతుల్లోని తేమను, కాండంలో దాచుకున్న నీటిని పీల్చేస్తే మృగశిర చినుకుల్లో మొదటి వాటా ఆ లోటు పూడ్చడానికే పోతుంది. నల్లమద్ది కాండంలో నీరు దాచుకోవడం కొండరెడ్లకు ఏనాటి నుంచో తెలుసు. 2024 మార్చిలో పాపికొండల్లో అటవీ సిబ్బంది బెరడు గాటు పెడితే ధారగా కారిన నీరు అందరూ చూశారు. ఆ దాపుడు ఎంత వేడిదాకా పనిచేస్తుందన్నది ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న.

ఎదురు వాదనలు

అదే జుయిదెమా బృందం 2025లో వెల్లడించిన మరో ఫలితం నా వాదానికి కాస్త ఎదురు నిలుస్తుంది. గట్టి కరువు ఏళ్లలోనూ ఉష్ణమండలపు చెట్ల కాండం ఎదుగుదల సగటున 2.5 శాతమే తగ్గిందని, చాలా చోట్ల మరుసటేడు తేరుకుందని అది చెబుతుంది. ఇది మంచి వార్తే, తోసిపుచ్చడానికి వీల్లేదు. కాకపోతే ఆ సగటులో తడి అడవులూ ఉన్నాయి. వేడి, పొడి ఎక్కువైన చోట్ల దెబ్బ పెద్దదని అదే అధ్యయనం అంటోంది. పైగా వలయం బతికిన చెట్టు చెప్పే సాక్ష్యం, కరువుకు చచ్చినవి ఆ లెక్కలోకి రావు.

ఉపగ్రహ చిత్రాల్లో భారతదేశం పచ్చబడుతోంది కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే. 2019లో వెలువడిన విశ్లేషణ ఆ పచ్చదనంలో 82 శాతం పంట పొలాలదని, అడవుల వాటా 4.4 శాతమేనని చెప్పింది. 1967లో నీరు వదిలిన సాగర్ కాలువ కింద రెండో పంట వరి కూడా ఉపగ్రహానికి పచ్చదనమే. భారత అటవీ సర్వే నిర్వచనంలోనూ హెక్టారు పైబడి పది శాతం నీడ ఉన్న బత్తాయి తోట అడవి విస్తీర్ణం కిందికి వస్తుంది. ఆకు పెరగడం వేరు, చేవ పెరగడం వేరు.

అడవికి గండి కొట్టింది వాతావరణం కంటే నరుకుడు, మేత, మంటలే అని మూడో మాట. నల్లమలలో దీన్ని కాదనలేం. ఫిబ్రవరి నుంచి మే దాకా రేగే మంటలు లేత మొక్కలను ఏటా మింగుతున్నాయి. అయితే ఎండిన గాలి ఆకుచెత్తను కూడా ఎండబెడుతుంది. మంటలను వాతావరణం నుంచి విడదీసి లెక్కించడం అందుకే కష్టం. ఒక వలయం సన్నబడితే అది కరువుదో, ఆ ఏడు కాలిన చెట్టు గాయానిదో నిర్ధారించాకే మాట్లాడాలి.

ఇంకా తేలనివి

చలి సీమల్లో వేడి కొంతకాలం మేలు చేసి, ఒక హద్దు దాటాక నీటి కొరతగా తిరగబడుతుందన్న విషయంలో ఇప్పుడు పెద్దగా విభేదం లేదు. ఆ హద్దు ఏ జాతికి ఎంత అన్నదే చర్చ. వాయువు వల్ల వచ్చే లాభం లేత తోటల్లో ఉందని, ముదురు అడవుల్లో చాలా తక్కువని సాక్ష్యం మొగ్గుతోంది. పొడి ఉష్ణమండలంలోనే చిక్కు మిగిలింది. వాన మొత్తం తగ్గకుండా కురిసే తీరు మారితే ఏమవుతుంది? మధ్య భారతంలో విస్తారమైన కుండపోతలు 1950 నుంచి 2015 లోపల మూడింతలయ్యాయని 2017 నాటి పరిశోధన చెబుతోంది. రెండు రోజుల్లో కురిసి వాగుల్లో పోయిన వాన వర్షమాపకంలో ఉంటుంది, వేరు దగ్గర ఉండదు. మే చినుకులకు చిగురించిన చెట్టు జూన్ వాన వెనకపడితే ఆ చిగురును ఎంతవరకు కాపాడుకోగలదో, రాత్రి వేడి పెరిగితే పగలు కూడబెట్టిన తిండిలో ఎంత శ్వాసకే ఖర్చవుతుందో జాతివారీగా కొలవాలి.

2015 జులైలో మొదలైన తెలంగాణ ప్రభుత్వ మొక్కల పథకం హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది, పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి చేర్చాలంది. నాటినవెన్ని, బతికినవెన్ని అని లెక్క రాసే పుస్తకంలో కాండం చుట్టుకొలతకు ఒక గడి చేర్చడం ఖర్చుతో కూడిన పని కాదు. మన్ననూరు దగ్గర అడవిలో, చందంపేట గుట్టల్లో, కాలువ నీరు తగిలే పెద్దవూర వైపు, మూడు చోట్లా ఒకే జాతి చెట్లకు చుట్టుకొలత పట్టీలు కట్టి, పక్కనే వానతోపాటు గాలి తేమను కొలిచే పరికరం పెడితే చాలు. నీరు అందిన టేకు, అందని టేకు ఒకే మే నెల ఎండకు ఎలా స్పందిస్తాయో పదేళ్లలో పోల్చి చూడవచ్చు. గాలి దాహం వాటా ఎంత, నేల తేమ వాటా ఎంత అన్నది అప్పుడు విడిగా కనిపిస్తుంది.